తిప్పి పంపిన బిల్లు, నేను వదిలేసిన మాట

రెండు సభలూ ఆమోదించిన బిల్లు రాష్ట్రపతి దగ్గరికి వెళుతుంది. ఆయన సంతకం చేయవచ్చు, లేదా మరోసారి ఆలోచించండని సందేశం రాసి వెనక్కి పంపవచ్చు. సభలు దాన్ని మార్చి గానీ మార్చకుండా గానీ మళ్లీ ఆమోదిస్తే, ఆయన ఇక కాదనడానికి లేదు. ఉద్యోగ పరీక్షకు నేను చదివింది ఇంతే. ఇప్పుడు ఆ ఉద్యోగంలోకి వస్తున్న మీరూ ఇంతే చదివి ఉంటారు.

ముప్పై ఏళ్లకు పైగా పార్లమెంటు కమిటీల వెనక కుర్చీలో కూర్చున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ ఫైలు ఏ రంగు కాగితం మీద నడిచిందో మీకు అక్కర్లేదు. చెప్పవలసింది ఒక్క బిల్లు గురించే. అది వెనక్కి వచ్చింది, నా చేతుల మీదుగా మళ్లీ వెళ్లింది, చట్టమైంది. నేను రిటైరై విశాఖ శివారు పెందుర్తిలో చిన్న ఫ్లాటులో ఉంటున్నా అది నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. పొద్దున్నే టీ కప్పుతో బాల్కనీలో నిలబడితే ఆ బిల్లులోని క్లాజులే గుర్తొస్తాయి.

పేజీలు తారుమారైన కట్ట

మాది విశాఖ పాతనగరం. అబ్బా, అంటే మా నాన్న, పుస్తకాల బైండరు. ఆఫీసు రిజిస్టర్లు, బడి పుస్తకాలు, మసీదు నుంచి వచ్చే పాత గ్రంథాలు కుట్టి అట్టలు వేసేవారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో ఇక్కడి తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. ఈ మూడింటితోనే నాకు ఢిల్లీలో ఉద్యోగం దొరికింది.

చేరిన కొత్తలో నా పై అధికారి కురియన్ గారు. కేరళ మనిషి. కోపం వస్తే గొంతు తగ్గించి మాట్లాడేవారు, అందుకే ఎక్కువ భయం వేసేది. రాష్ట్రపతి సంతకానికి వెళ్లే బిల్లు ప్రతిని సరిచూసే పని నాకు అప్పగించారు. ఒకసారి అనుబంధంలో రెండు పేజీలు తారుమారయ్యాయి. నేను చూసుకోలేదు. బైండరు కూతుర్ని, పేజీల వరస తప్పాను.

రాష్ట్రపతి కార్యాలయంలో మాకు సరిజోడైన పని చేసే అధికారి మిశ్రా. ఆయన ఫోన్ చేసి మర్యాదగానే చెప్పారు. "రేపు ఉదయం వచ్చి మార్చుకు వెళ్లండి. ఎవరికీ తెలియదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. కురియన్ గారికి చెబితే ఆయన తల అడ్డంగా ఊపారు.

"మార్చుకురావద్దు. ఉత్తరం రాయి. తప్పు ఏమిటో, ఎవరిదో రాసి, కింద నీ పేరు పెట్టు."

"మిశ్రా గారు మంచికే అన్నారు సార్."

"మంచికే. రేపు ఆయన మన దగ్గర ఏదైనా మంచికే అడుగుతారు. అప్పుడేం చేస్తావు?"

ఉత్తరం రాశాను. చాలా సిగ్గేసింది. కానీ ఆ తర్వాత మిశ్రాతో ఇరవై ఏళ్లు హాయిగా పనిచేశాను. సభలో నాయకులు రాష్ట్రపతి మీద విరుచుకుపడిన రోజున కూడా మా ఇద్దరి మధ్య కాగితాలు వేళకు వెళ్లాయి, వేళకు వచ్చాయి. దేశం నడవడంలో ఈ భాగం ఎవరికీ కనబడదు. నాకు దీని మీద గౌరవం ఉంది.

రెండు ప్రశ్నలు

ఆ బిల్లు నిర్వాసితుల గురించి. ఓడరేవులకీ, కర్మాగారాలకీ, ఆనకట్టలకీ ఊళ్లు ఇచ్చేసి లేచిపోయిన కుటుంబాలకు ఇంటి పట్టా, పిల్లలకు ఉపాధిలో ముందు వరస. ఎవరి పేరున నిర్వాసిత కార్డు ఉందో వాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి. చట్టం వచ్చిన ఏడాది లోపల పెట్టుకోవాలి. ఆ తర్వాత తలుపు మూసేస్తారు. రెండు సభల్లోనూ ఒక్కరూ వ్యతిరేకించలేదు. బల్లలు చరిచి మరీ ఆమోదించారు.

రాష్ట్రపతి దాన్ని తిప్పి పంపారు. సందేశం ఒక పేజీ కూడా లేదు. అందులో రెండు ప్రశ్నలు. కార్డు మీద పేరు లేని భార్యలు, కూతుళ్ల సంగతేమిటి? ఏడాది దాటాక వచ్చినవారిని వినడానికి ఎవరైనా ఉండవద్దా?

సభలో దాన్ని చదివినప్పుడు కేకలు. ఏకగ్రీవంగా ఆమోదించిన బిల్లును అడ్డుకోవడానికి ఆయనెవరని కొందరు. ఆయన అడగకపోతే ఇంకెవరు అడుగుతారని కొందరు. చివరికి ఆ రెండు ప్రశ్నల మీద జనం ఏమంటారో విని రమ్మని మా కమిటీకి పంపారు. కమిటీ ఛైర్మన్ గారు పడమటి రాష్ట్రం నుంచి వచ్చిన పాత వకీలు. తెలివైన మనిషి, సభ పరువు అంటే ప్రాణం. రైల్వే టిక్కెట్ల పని చూస్తున్న నాతో అన్నారు, "విశాఖపట్నం మీ ఊరే కదా. అక్కడ దుబాసీ వద్దు, మీరే చెప్పండి."

సంతోషంగా ఒప్పుకున్నాను. అక్కడే నేను తప్పు చేశానని ఇప్పుడు అనిపిస్తుంది. కమిటీ అధికారి కమిటీ పని చూడాలి. సాక్షి మాటను మరో భాషలోకి తెచ్చేవాళ్లు వేరే ఉండాలి.

అతిథి గృహంలో

బీచ్ రోడ్డుకు దగ్గర్లో ఒక ప్రభుత్వ అతిథి గృహంలో హాలు. సముద్రం వైపు కిటికీలు మూసి ఏసీ వేశారు. అధికారులు, యూనియన్ నాయకులు, వకీళ్లు చాలాసేపు మాట్లాడారు. నిర్వాసితుల వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. సభ్యుల్లో సగం మందికి సింహాచలం దర్శనం చేసుకోవాలని ఉంది. మధ్యాహ్నం కాసేపు దర్శనం ఆపుతారని ఎవరో చెప్పారు. కార్లు కింద సిద్ధంగా ఉన్నాయి. ఛైర్మన్ గారు వాచీ చూసుకుంటున్నారు.

అప్పుడు లేచింది నూకరత్నం. అరవై ఏళ్లుంటాయి. దువ్వాడ అవతల నిర్వాసితుల కాలనీలో ఉంటుంది. ఇస్త్రీ మడతలు ఇంకా చెదరని నేత చీర కట్టుకొచ్చింది. మైకు చూసి కాస్త వెనక్కి జరిగింది.

"బిల్లు తొందరగా కావాలా, మార్పులు కావాలా అని అడగండి," అన్నారు ఛైర్మన్ గారు.

అడిగాను. ఆమె గడగడా చెప్పింది.

"బేగి సేయండి బాబూ. మా ఇంటాయన ఎదురు సూసి సూసి పోనాడు. గానీ కార్డు మీద ఆయన పేరే ఉండేది. ఆయన పోనాక మరిది పేరు ఎక్కించీసినారు. ఊరిచ్చినప్పుడు నాను లేనా? నా నట్టింట్లో గొయ్యి తవ్వినారు. నా పేరు లేకండా ఎంత బేగి వత్తే మాత్రం నాకేటి? నా పేరు ఎక్కించి సేయండి. ఆలీసం అయితే అయ్యింది, నాలుగు నెలలు ఆగుతాను."

నేను ఛైర్మన్ గారి వైపు తిరిగి చెప్పాను. "బిల్లు త్వరగా కావాలంటోంది సార్. భర్త ఎదురుచూస్తూ చనిపోయాడట."

మిగతాది చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా ఒక సభ్యుడు బల్ల మీద చెయ్యి వేసి అన్నారు, "చూశారా? జనమే చెబుతున్నారు. ఉన్నది ఉన్నట్టు మళ్లీ పాస్ చేద్దాం." నవ్వులు, కుర్చీల చప్పుడు. ఛైర్మన్ గారు సాక్షికి ధన్యవాదాలు చెప్పారు. మాటలు రాసుకునే రిపోర్టరు ఢిల్లీ మనిషి, తెలుగు రాదు. నేను చెప్పిందే రాసుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను.

ఎందుకు మూసుకున్నానంటే చెప్పలేను. ఛైర్మన్ గారిని ఆపడానికి జంకాను, అది నిజం. ఈ బిల్లు బేగి రావాలని నాకే ఉంది, అదీ నిజం. రెండోదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

మెట్ల దగ్గర నూకరత్నం నా కోసం ఆగి ఉంది.

"నాను సెప్పిందంతా సెప్పీసినావేటమ్మా? నాను శానా సెప్పినాను, నువ్వు రెండు ముక్కలే అన్నావు."

"చెప్పానప్పా. ఇంగ్లీషులో తక్కువ మాటల్లో అయిపోతుంది," అన్నాను. మా వైపు అక్కను అప్పా అంటాం.

ఆమె నమ్మింది. నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లింది.

మిశ్రా ఫోను

ఢిల్లీ వెళ్లాక నివేదిక చిత్తుప్రతి నా బల్ల మీదికే వచ్చింది. పదహారో పేరాలో నూకరత్నం ఉంది. 'ఏ మార్పూ లేకుండా బిల్లు తక్షణం రావాలని నిర్వాసిత మహిళ ఒకరు కమిటీని కోరారు.' ఏ మార్పూ లేకుండా అని నేను కూడా అనలేదు. చిత్తు రాసినవాళ్లు ఆ సభ్యుడి మాటనూ నా మాటనూ కలిపేశారు. రాష్ట్రపతి మొదటి ప్రశ్నకు కమిటీ సమాధానమంతా ఆ పేరా మీదే నిలబెట్టారు. ఆడవాళ్లే అడగడం లేదు కదా, అన్నది వాదన.

ఆ వారమే మిశ్రా ఫోన్ చేశారు. అడగకూడనిదని ఆయనకూ తెలుసు. గొంతులో మొహమాటం ఉంది.

"మేడమ్, విశాఖలో ఆడవాళ్లు ఎవరైనా మాట్లాడారా? ఊరికే తెలుసుకుందామని."

చెప్పేస్తే నా బరువు దిగిపోయేది. రాష్ట్రపతి కార్యాలయం నుంచి ఒక మాట పత్రికల్లోకి వెళ్లినా చాలు, కమిటీ ఇరుకున పడేది. నూకరత్నం గెలిచేది. 

"నివేదిక సభలో పెట్టిన రోజు మీకూ వస్తుంది మిశ్రాజీ," అన్నాను.

"అవును. తప్పుగా అనుకోకండి," అని పెట్టేశారు.

లేచి కురియన్ గారి గదికి వెళ్లాను. అప్పటికి ఆయన మా విభాగానికంతా పెద్ద, రిటైర్మెంటుకు కొన్ని నెలలే ఉంది. అంతా చెప్పాను, మెట్ల దగ్గర చెప్పిన అబద్ధంతో సహా. ఆయన గొంతు బాగా తగ్గింది.

"సాక్షి మాటల ప్రతిని సాక్షికి పంపి, సరిచూసుకోమని అడగాలి. అది నియమం. పంపారా?"

"ఇంగ్లీషులో పోస్టు చేశారు సార్. ఆమెకు చదవడం రాదు."

"అయితే పంపనట్టే," అన్నారు. "చదివి వినిపించే మనిషి కావాలి. నేను నిన్ను పంపలేను. సెలవు అడిగితే మాత్రం సంతకం పెడతాను."

దువ్వాడలో దిగి

రెండో రోజు దువ్వాడలో రైలు దిగాను. పాతనగరంలో తమ్ముడి ఇంటికి కూడా వెళ్లలేదు. ఆటో కాలనీ మలుపు దాకా తీసుకెళ్లింది. నూకరత్నం అరుగు మీద కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. పక్కింటి ముసలాయన సింహాద్రి మంచం మీద పడుకుని ఉన్నాడు. ఊపిరి ఎగబీలుస్తున్నాడు. ఆయన పేరున కార్డు ఉంది. బిల్లు ఎలా ఉన్నా ఆయనకు సరిపోతుంది, వస్తే చాలు.

కాగితం తీసి, రాసినదాన్ని తెలుగులో చదివాను. ఆమె చేపల చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఇది నా మాట కాదు."

"కాదప్పా. నేను సగమే చెప్పాను."

"ఆ దినం మెట్ల కాడ అడిగినాను కదా నిన్ను."

"అడిగావు. అబద్ధం చెప్పాను."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. మళ్లీ చేపలు ముందుకు లాక్కుని, ఒక్కొక్కటే తలలు తుంచుతూ, ఆ రోజు చెప్పిందంతా మొదటి నుంచీ చెప్పింది. నేను తెలుగులోనే రాశాను. చదివి వినిపించాను. రెండు చోట్ల ఆపి దిద్దించింది. 'గొయ్యి' అని రాస్తే కాదంది, "పునాది గొయ్యి అని రాయి. ఉత్తి గొయ్యంటే ఏటనుకుంతారు?" చివర వేలిముద్ర వేసింది.

మంచం మీంచి సింహాద్రి పిలిచాడు. "అమ్మా, ఈ కాయితం పట్టుకెల్తే బిల్లు ఆలీసమవుద్దేటి?"

"అవుతుంది మావయ్యా. కొన్ని నెలలు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. "మరెందుకు పట్టుకెల్తన్నావు?"

నూకరత్నం నా వైపు చూసింది. కాగితం సంచిలో పెట్టుకుని లేచాను.

ఛైర్మన్ గారి గది

"సాక్షిని కలవమని మీకు ఎవరు చెప్పారు?" అన్నారు ఛైర్మన్ గారు.

"ఎవరూ చెప్పలేదు సార్. సెలవు పెట్టి వెళ్లాను."

"రాష్ట్రపతి తరఫున మీరే ఆమె చేత చెప్పించారని రేపు సభలో అంటారు."

"అనొచ్చు సార్. ఆ రోజు హాల్లో తెలుగు తెలిసిన అధికారులు ఇంకా ఇద్దరు ఉన్నారు. వాళ్లను అడగండి. తప్పు నాదని నా పేరుతో ఉత్తరం రాశాను. అది కూడా నివేదికలో పెట్టండి."

ఆయన ఉత్తరం చదివి బల్ల మీద బోర్లా పెట్టారు. నన్ను వెళ్లమన్నారు. నాలుగు రోజులు పిలవలేదు. ఆ నాలుగు రోజులూ నేను ఏం తిన్నానో, ఏ ఫైలు చూశానో గుర్తులేదు. ఐదో రోజు పిలిచి, ఆ ఇద్దరు అధికారులతో మాట్లాడానన్నారు.

"ఆమె అడిగింది న్యాయమే. పదహారో పేరా తీసేస్తున్నాను. భార్య, కూతురు కూడా దరఖాస్తు పెట్టుకునేలా క్లాజు మారుస్తాం." అక్కడ ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నారు. "కానీ రెండోది మారదు. ఏడాది గడువు అలాగే ఉంటుంది."

"ఎందుకు సార్? దాని మీద ఎవరూ..."

"రెండూ ఒప్పుకుంటే సభ రాష్ట్రపతికి లొంగినట్టు ఉంటుంది. నా సభ్యులు ఒప్పుకోరు. ఒకటి ఇప్పించుకున్నారు, చాలు."

అది నేను మర్చిపోలేను. గడువు మంచిదా చెడ్డదా అన్న మాటే రాలేదు. మొదటి ప్రశ్నకు తల ఊపాం కాబట్టి రెండోదానికి ఊపలేదు. నా ఉత్తరం ఒక క్లాజును బాగుచేసి ఇంకో క్లాజు మీద తలుపు వేసింది. ఉత్తరం ఇవ్వకపోతే రెండూ పోయేవని కురియన్ గారు అన్నారు. కావచ్చు. ఆయన లెక్క సరైనదేనని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. నమ్మకం మాత్రం కుదరలేదు.

సవరించిన బిల్లు రెండు సభల్లోనూ మళ్లీ నెగ్గింది. కొద్ది రోజులకు మిశ్రా ఫోన్ చేశారు.

"సంతకం అయింది మేడమ్."

"రెండో ప్రశ్న గురించి ఏమైనా అన్నారా?"

"ఏమంటారు? ఇక ఆయనకు దారి లేదు కదా. ఆడవాళ్ల క్లాజు మాత్రం రెండుసార్లు చదివారట."

సింహాద్రి అప్పటికి పోయి ఆరు వారాలు. మొదటిసారే సంతకమై ఉంటే పట్టా చూసి పోయేవాడు. ఆయన కొడుకు తర్వాత ఒకసారి కనబడ్డాడు. కోపంగా ఏమీ అనలేదు, మంచినీళ్లు ఇచ్చాడు. ఆ గ్లాసు పట్టుకోవడం చాలా కష్టమైంది.

పార్వతి

నూకరత్నానికి పట్టా వచ్చింది. నేను రిటైరై వచ్చాక చూడ్డానికి వెళితే, ప్లాస్టిక్ కవరు లోంచి తీసి తన పేరు మీద వేలు పెట్టి చూపించింది. నన్నిప్పుడు సెల్లీ అంటుంది. ఆ రోజు ఆమె పక్కన ముప్పై ఐదేళ్ల మనిషి కూర్చుని ఉంది. పేరు పార్వతి, ఆ కాలనీ పిల్లే. మొగుడితో గుజరాత్ వెళ్లి అక్కడి చేపల బోట్ల దగ్గర పనిచేసి, తిరిగొచ్చేసరికి ఏడాది గడువు దాటి పంతొమ్మిది రోజులైందట. కౌంటరులో కాగితం కూడా పుచ్చుకోలేదు.

"సెల్లీ, నాది మార్పించినావు కదా. దీందీ మార్పించీ," అంది నూకరత్నం.

"అది చట్టంలో ఉందప్పా. ఆఫీసులో ఎవరి చేతిలోనూ లేదు."

పార్వతి నెమ్మదిగా అడిగింది. "ఆ ఏడాది అని ఎవలు పెట్టినారమ్మా?"

"పార్లమెంటు."

"ఒద్దన్నోల్లు ఎవలూ నేరా?"

"ఉన్నారు. ఏడాది దాటాక వచ్చినవాళ్లను ఎవరు వింటారని రాష్ట్రపతి అడిగారు."

"మరి మీరేటి సేసినారు?"

చెప్పాను. ఛైర్మన్ గారి గదిలో జరిగినదంతా చెప్పాను. పార్వతి ముఖం ఏమీ మారలేదు. అంతా విని, "అయితే మల్లీ అడగాల. ఎలగ అడుగుతారు?" అంది.

సభలో పిటిషన్ల కమిటీ అని ఒకటుంది. ఎవరైనా రాసుకోవచ్చు. ఆ మధ్యాహ్నమే రాశాం. మా నాన్న దుకాణం అలవాటుతో నాలుగు కాగితాలనూ దారంతో కుట్టాను. పంపాక నెలల తరబడి పలుకు లేదు. పార్వతి ప్రతి శుక్రవారం బస్సెక్కి పెందుర్తి వచ్చి, ఏమైనా వచ్చిందా అని అడిగి, టీ తాగి వెళ్లేది. పోయిన వారం ఉత్తరం వచ్చింది. వచ్చి చెప్పుకోమన్నారు.

దువ్వాడ నుంచి ఢిల్లీకి ఇద్దరికీ టిక్కెట్లు తీశాను. నేను లోపలికి వెళ్లను. బయట బెంచీ మీద కూర్చుంటాను. నా చోట ఇప్పుడు తెలుగు తెలిసిన ఒక కొత్త అధికారి ఉన్నారని విన్నాను. మీలో ఎవరో నాకు తెలియదు. పార్వతి వేగంగా మాట్లాడుతుంది, మా వైపు మాట. మధ్యలో ఏదైనా అందకపోతే కమిటీని ఆపి, ఆమెను మళ్లీ చెప్పమనండి. ఆమె ఏమీ అనుకోదు.